ఊక కింద తడి

గత ఆగస్టు 23, శనివారం పొద్దున్న నేను నూకల గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి పది కోడిపిల్లలకు తొమ్మిదే నా కాళ్ళకు అడ్డం పడ్డాయి. పదోది, నుదుట తెల్లమచ్చ ఉన్నది, జాలీ గూడు మూలన నిలబడి ఉంది. మెడ లోపలికి లాక్కుని, రెక్కలు కాస్త కిందికి జార్చి, ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు మూస్తూ తెరుస్తూ కునికిపాట్లు పడుతోంది. తల్లి నూకలను కాలితో గీరి పిలిస్తే ఒకసారి తల ఎత్తి చూసింది గాని అడుగు కదపలేదు. నాలుగు వారాల పిల్ల తల్లి పిలుపుకు పరుగెత్తలేదంటే అది అప్పటికే ఒకటి రెండు రోజులుగా జబ్బుతో ఉందని, మనం మాత్రం ఇప్పుడే చూశామని అర్థం. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. నీరసపడ్డదాన్నే గద్ద ముందు పట్టుకుంటుంది కనుక దాచుకోవడమే వాటికి మేలు, పెంచేవాళ్ళకు చేటు.

మాది గోదావరి డెల్టాలో పంటకాలువ గట్టున ఉన్న ఊరు. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. కోళ్ళు మొదట మా అత్తయ్యగారివి, ఆవిడకు మోకాళ్ళు సహకరించడం మానేశాక నా చేతికి వచ్చాయి. నాలుగు పెట్టలు, ఒక పుంజు, అంతే. జూలై మొదటి వారంలో ఎర్రపెట్ట పొదుగుకు కూర్చుంటే 13 గుడ్లు పెట్టాం. ఇరవై ఒకటో రోజుకు, జూలై 26 నాటికి, 11 పిల్లలయ్యాయి. రెండో వారంలో ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. ఆ గద్ద మీది కోపంతోనే నేను జాలీ గూడు కట్టించాను: ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పైన టార్పాలిన్, కింద నాలుగంగుళాల మందాన వడ్ల ఊక, మధ్యలో ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ దాన్ని చూపించి మురిసిపోయాను. అత్తయ్యగారు మాత్రం "రాత్రిపూట గంప కింద మూస్తారు గాని, పిల్లల్ని పగలంతా కూడా మూస్తారా అమ్మాయ్?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

మా వైపు కోడి కునికిందంటే అందరి నోటా మొదట వచ్చే మాట కొక్కెర. పుస్తకాల్లో దాన్ని రాణిఖేత్ అని రాస్తారు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పేరు మీద మన దేశంలో ఆ పేరు పడింది, ఇంగ్లండులోని న్యూకాజిల్ పేరు మీద బయటి దేశాల్లో న్యూకాజిల్ జబ్బు అంటారు. అది సోకితే నోరు తెరిచి గాలి పీలుస్తాయి, రెట్ట పల్చగా ఆకుపచ్చ కలిసిన తెలుపులో పడుతుంది, చావు తప్పినవాటికి మెడ మెలితిరుగుతుంది. మా పిల్లలకు ఏడో రోజున కంట్లో చుక్కల మందు వేయించాం. ఆ టీకా సీసాలో వంద పిల్లలకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకని మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం ఒకే రోజున పిల్లల్ని గంపల్లో వేసుకుని ఒకరి అరుగు మీద చేరి, ఐసు ముక్కల మధ్య సీసా పెట్టుకుని, ఒక్కొక్కదాని కంట్లో చుక్క వేసి అది రెప్ప కొట్టి లోపలికి పోయేదాకా వదలకుండా పట్టుకున్నాం. కాబట్టి కొక్కెర అనే అనుమానం నాకు పెద్దగా లేదు గాని బొత్తిగా లేకపోలేదు, ఎందుకంటే రెండో టీకా, రెక్క కింద సూదితో వేసేది, ఎనిమిదో వారానికి గాని రాదు.

లోపల అసలు భయం వేరొకటి ఉంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయి ఫారాల్లో కోళ్ళను పూడ్చిపెట్టిన రోజులను మా ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. అయితే దాని నడక వేరు. నిన్న బాగున్న కోళ్ళు ఇవాళ గుంపుగా పడిపోతాయి, తురాయి, మొహం ఉబ్బి నీలబడతాయి. అటువంటిది కనిపిస్తే చనిపోయినదాన్ని కోయడం, కాలువలో పారేయడం వంటి పనులు చేయకుండా పశువైద్యశాలకో, సంచార పశువైద్య వాహనం నంబరు 1962కో వెంటనే చెప్పాలి. ఒక్క పిల్ల కునికి తొమ్మిది తింటూ ఉండడం దాని తీరు కాదని తెలిసినా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కునే పిల్లను పట్టుకున్నాను.

చేతిలోకి తీసుకుంటే గాని దాని పరిస్థితి తెలియలేదు. ఉబ్బిన ఈకల కింద రొమ్ము ఎముక వేలికి కత్తి అంచులాగా తగిలింది. మెడ మొదట్లో మేత సంచి ఖాళీగా, మెత్తగా ఉంది. కాళ్ళు చల్లగా ఉన్నాయి. ముక్కు రంధ్రాల్లో చీమిడి లేదు, ఊపిరిలో గురక లేదు, మెడ నిటారుగానే నిలుస్తోంది. తోక కింద ఈకలు మాత్రం తడిసి అంటుకుపోయి ఉన్నాయి. వంటింటి త్రాసు మీద పెడితే 118 గ్రాములు తూగింది. పక్కన ఆడుకుంటున్న దాని తోడబుట్టినదాన్ని పట్టుకొచ్చి తూచితే 170. అంటే వారం నుంచీ అది సరిగా తినడం లేదు, నేను రోజూ పది తలలు లెక్కపెట్టి సంతృప్తి పడుతున్నాను.

మొదటి పని వెచ్చదనం. చల్లబడిన పిల్లకు మేత పెట్టినా మందు వేసినా అది అరిగించుకోలేదు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే మేత. ఈ వరస తప్పితే ఉన్న ఓపిక కూడా పోతుంది. అట్టపెట్టె తెచ్చి, అడుగున పాత వార్తాపత్రికలు పరిచి, ఒక మూలన బల్బు వేలాడదీద్దామని చూస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఎల్.ఇ.డి. బల్బులే. అవి కరెంటు ఆదా చేస్తాయి గాని కోడిపిల్లకు పనికిరావు, వేడి పుట్టించవు. పాతకాలపు 60 వాట్ల బల్బు కోసం ఊళ్ళో మూడు కొట్లు తిరిగితే చివరికి ఒక సైకిలు షాపతను అటక మీద నుంచి దుమ్ము దులిపి ఇచ్చాడు. బల్బును ఒక పక్కనే పెట్టాలి, రెండో పక్క చల్లగా వదలాలి, ఎందుకంటే తనకెంత వేడి కావాలో పిల్లే తేల్చుకుంటుంది. బల్బు కిందకు దూరి అరుస్తుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రెక్కలు విప్పితే ఉక్క, మధ్యలో ఎక్కడో కాళ్ళు ముడుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. ఆ రాత్రి వానకు రెండు గంటలు కరెంటు పోతే వేడినీళ్ళు నింపిన సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాను. అది సీసాకు ఒరిగి పడుకుంది.

నీళ్ళు పట్టడంలో చాలామంది చేసే పొరపాటొకటి ఉంది, నేనూ ఒకప్పుడు చేసి ఒక పిల్లను పోగొట్టుకున్నాను. నోరు తెరిచి డ్రాపరుతో లోపల పోస్తే నాలుక వెనకే తెరుచుకుని ఉండే గాలిగొట్టంలోకి నీళ్ళు పోతాయి, పిల్ల జబ్బుతో కాక ఊపిరాడక పోతుంది. ముక్కు పక్క అంచున ఒక చుక్క ఆనిస్తే చాలు, అది తనంతట తానే లోపలికి జారి, పిల్ల తల పైకెత్తి మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. పసిపిల్లలకు విరేచనాలైతే ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు అరగంటకోసారి ఎనిమిది పది చుక్కల చొప్పున ఆ రోజంతా పట్టాను. సాయంత్రానికి కళ్ళు కొంచెం విప్పింది.

అత్తయ్యగారు వసారాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ కూర్చున్నారు. పసుపూ వెల్లుల్లీ నూరి వెయ్యమని చెబుతారేమో అనుకున్నాను, ఆవిడ ఆ మాట ఎత్తలేదు. "రెట్ట చూశావా?" అన్నారు. చూశాను, గోధుమరంగులో జిగటగా, విపరీతమైన కంపుతో ఉంది, అదే జబ్బు గుర్తు అనుకుంటున్నానన్నాను. "అది కాదే, అది రోజూ పడేదే" అని కొట్టిపారేశారు. ఆ మాట నిజం. కోడి పేగులకు చివర రెండు గుడ్డిపేగులు ఉంటాయి, వాటిలోంచి రోజుకు కొన్నిసార్లు వచ్చే రెట్ట ఎప్పుడూ గోధుమరంగు ముద్దలాగా, కంపుగానే ఉంటుంది. తెల్లటి కొస ఉన్న గట్టి రెట్ట వేరు, ఇది వేరు, రెండూ ఆరోగ్యమే. కొత్తగా కోళ్ళు పెంచేవాళ్ళు దీన్ని చూసి బెదిరిపోయి మందుల కొట్టుకు పరుగెత్తుతారు. ఇన్నేళ్ళకు నేనూ బెదిరాను. "రెట్టలో నెత్తురుంటే అప్పుడు చెప్పు" అన్నారావిడ. ఆ వెంటనే, "పదిలో రెండు మనవి కావనుకోవాలి, లేకపోతే కోళ్ళు పెంచలేం" అని కూడా అన్నారు. ఆ లెక్కను నేను ఎప్పుడూ కఠినం అనుకోలేదు. యాభై ఏళ్ళపాటు పొదగేసిన ప్రతిసారీ ఆవిడ కట్టుకున్న లెక్క అది. కాకపోతే ఆ రెండూ ఎందుకు పోతున్నాయో తెలుసుకోవడానికి ఆ లెక్క అడ్డం పడుతుంది.

ఆదివారం పశువైద్యశాల ఉండదు కనుక మందుల దుకాణానికి వెళ్ళాను. కోడిపిల్ల కునుకుతోంది అనగానే, ఎన్ని వారాలది, రెట్ట ఎలా ఉంది అని ఒక్క మాటైనా అడగకుండా టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొట్లం ఒకటి, బి కాంప్లెక్స్ విటమిన్ల సీసా ఒకటి చేతిలో పెట్టారు. నేనూ అడగలేదు. రెండూ పట్టాను. ఆ రాత్రి పెట్టెలో కాగితం మార్చబోతే మధ్యలో తుప్పురంగు తడి మరక కనిపించింది. టార్చిలైటు దగ్గరగా పెట్టి చూస్తే మరక అంచు గులాబీరంగులో కాగితం మీద పాకి ఉంది, నడిమధ్యన ముదురెరుపు చార. వార్తాపత్రిక పరచడంలో ఉన్న లాభమిదే, ఊక మీద అయితే ఆ చార నాకు జన్మలో కనిపించేది కాదు. అత్తయ్యగారికి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చూసి, "నెత్తుటి పారుడు" అన్నారు.

సోమవారం పొద్దున్న జాలీ గూట్లో మరో పిల్ల చచ్చి పడి ఉంది. ముందు రోజు సాయంత్రం దాకా మేత దగ్గర మిగతావాటితో కలిసి తిరిగిన డేగరంగు పిల్ల అది. నేను రెండు రోజులుగా మచ్చపిల్లను అరగంటకోసారి చూస్తూ గడిపాను గాని, దీని వైపు కన్నెత్తి చూడలేదు. బడికి సెలవు పెట్టి, చచ్చిన పిల్లను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, బతికి ఉన్నదాన్ని చిన్న పెట్టెలో పెట్టుకుని పశువైద్యశాలకు వెళ్ళాను. చచ్చిన కోడిపిల్లతో ఆస్పత్రికి వెళ్ళడం విడ్డూరంగా తోచవచ్చు, కానీ చిన్న మందకు అంతకన్నా పనికొచ్చే పరీక్ష లేదు.

డాక్టరమ్మ మొదట అడిగింది వయసు, నాలుగు వారాలు దాటిందన్నాను. రెండో ప్రశ్న, "కింద ఊక పొడిగా ఉందా?" ఉందన్నాను. ఆవిడ ఏమీ అనకుండా తొడుగులు వేసుకుని చచ్చిన పిల్లను పళ్ళెంలో వెల్లకిలా పెట్టి, కత్తెరతో పొట్ట తెరిచి, పేగులను వేలితో పక్కకు జరిపి నన్ను దగ్గరికి రమ్మన్నారు. సన్నగా, లేతగా ఉండవలసిన గుడ్డిపేగులు రెండూ పెన్సిలంత లావున ఉబ్బి నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఒకదాన్ని చీరితే లోపల గడ్డకట్టిన నెత్తురు తప్ప ఏమీ లేదు. "కాక్సీడియోసిస్. టెట్రాసైక్లిన్ దీని మీద పనిచేయదు" అన్నారు. ఇది బాక్టీరియా కాదు, వైరస్ కాదు, మలేరియా క్రిమికి దూరపు చుట్టమైన ఏకకణ జీవి. పేరు ఐమీరియా. అందులో చాలా జాతులున్నాయి, గుడ్డిపేగుల్లో చేరి నెత్తురు కక్కించేది టెనెల్లా.

దాని పద్ధతి తెలుసుకున్నాక డాక్టరమ్మ రెండో ప్రశ్న ఎందుకు వేశారో అర్థమైంది. జబ్బుపడ్డ కోడి రెట్టలో కంటికి కనిపించనంత చిన్న గుడ్లలాంటివి లక్షల్లో బయట పడతాయి. పడిన వెంటనే అవి ఏమీ చేయలేవు; తడీ వెచ్చదనమూ గాలీ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పండి, అప్పుడు మరో పిల్ల కడుపులోకి పోతే జబ్బు చేస్తాయి. కడుపులో చేరిన అయిదారు రోజులకు నెత్తురు కనబడుతుంది. పొడి ఊకలో అవి పండలేవు, ఎండలో ఎండిపోతాయి. పెరట్లో తల్లి వెంట తిరిగే పిల్లలు కూడా వీటిని తింటూనే ఉంటాయి, కాకపోతే ఇక్కడొకటి అక్కడొకటి; ఆ కొద్దిపాటితో ఒళ్ళు అలవాటుపడి కొన్ని వారాల్లో తట్టుకునే శక్తి తెచ్చుకుంటాయి. ఆరడుగుల గూట్లో పది పిల్లలను, తల్లిని మూసి, అవి రెట్ట వేసినచోటే నూకలు చల్లితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. గద్ద ఒక్కదాన్ని ఎత్తుకుపోయిందని నేను కట్టించిన గూడు అది.

ఇంటికి వచ్చి ఊకలో చెయ్యి పెట్టాను. పైన వేలెడు మందాన గలగలలాడుతూ పొడిగానే ఉంది. నేను ఇన్నాళ్ళూ చూసింది ఆ పైపొరనే. కింద చెయ్యి జొనిపితే వెచ్చగా, నల్లగా అట్టకట్టి ఉంది. పిడికెడు తీసి గట్టిగా పిండి వదిలితే లడ్డులాగా ముద్ద కట్టి అలాగే నిలిచింది. మంచి ఊక అయితే పిడికిలి విప్పగానే రాలిపోవాలి. నీళ్ళ డబ్బా ఎత్తి చూస్తే పళ్ళెం అంచున సన్నటి చీలిక ఉంది, ఇరవై రోజులుగా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. పైన టార్పాలిన్ కప్పి వానను ఆపాను, లోపల నేనే రోజూ రెండు లీటర్ల నీళ్ళు పోస్తూ వచ్చాను.

డాక్టరమ్మ రాసిన మందు ఆంప్రోలియం, 20 శాతం పొడి. లీటరు నీళ్ళకు 1.2 గ్రాముల చొప్పున అయిదు రోజులు, తర్వాత ఆ లెక్కలో సగం చొప్పున ఇంకో వారం. ఈ పొడి వేర్వేరు శాతాల్లో దొరుకుతుంది కనుక పొట్లం మీద శాతం చూడకుండా ఎవరో చెప్పిన చెంచా కొలత వాడితే లెక్క తారుమారవుతుంది. మా వంటింటి త్రాసుకు ఒక గ్రామును నమ్మకంగా తూచే ఓపిక లేదు. అందుకని 6 గ్రాములు తూచి అర లీటరు నీళ్ళలో కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మంచినీళ్ళలో కలిపాను. మిగిలినది పారబోసి ఏ రోజుకారోజు కొత్తగా చేసుకున్నాను. కొంత పొడి వృథా అవుతుంది, కొలత మాత్రం తప్పదు. జబ్బుపడ్డదానికే కాదు, తల్లితో సహా గూట్లో ఉన్న అన్నింటికీ అవే నీళ్ళు పెట్టాలి, వేరే నీళ్ళు అందుబాటులో ఉండకూడదు. వానాకాలంలో ఈ నియమం చెప్పినంత తేలిక కాదు. తులసికోట దగ్గర గుంటలో నీళ్ళు నిలిస్తే కోళ్ళకు మన డబ్బా రుచించదు, ఆ గుంటలన్నీ మట్టితో పూడ్చాల్సి వచ్చింది.

బి కాంప్లెక్స్ ఆపమన్నారు. నేను ఆశ్చర్యపోయాను, నీరసానికి అదే కదా బలమని. ఆంప్రోలియం చూడటానికి బి కాంప్లెక్స్‌లో ఉండే బి1 విటమిన్‌లాగే ఉంటుందట. ఆ క్రిమి బి1 అనుకుని దీన్ని తీసుకుని, అసలు బి1 దొరకక మాడి చస్తుంది. మనం ఒక చేత్తో మందు, ఇంకో చేత్తో బి1 పోస్తే క్రిమికి భోజనం పెట్టినట్టే. విటమిన్లు మందు పూర్తయ్యాక ఇవ్వమన్నారు. ఆదివారం నేను మచ్చపిల్లకు పట్టిన రెండు మందుల్లో ఒకటి జబ్బుకు తగలనిది, రెండోది జబ్బుకు తోడు నిలిచేది.

గూడు శుభ్రం చేయడానికి ఆ రోజు మధ్యాహ్నమంతా పట్టింది. ఊకంతా గోనెల్లోకి ఎత్తి కోళ్ళు చేరని మూలన గొయ్యి తీసి పూడ్చాం. ఫినాయిలు, బ్లీచింగు ఈ క్రిమి గుడ్ల పెంకును ఏమీ చేయలేవు, మనకు వాసన వచ్చి శుభ్రమైందన్న తృప్తి మాత్రం మిగులుతుంది. సలసల కాగే నీళ్ళు పోసి, నేల గీకి, టార్పాలిన్ తీసేసి దొరికినంత ఎండ తగలనిచ్చి, తడి పీల్చడానికి పొడి సున్నం చల్లి ఊడ్చాక కొత్త ఊక పోశాం. కొత్త నీళ్ళ డబ్బాను రెండు ఇటుకల మీద, పిల్లల వీపు ఎత్తుకు పెట్టాను. నేల మీద పెడితే అందులోనే రెట్ట వేస్తాయి, అందులోకే ఊక చిమ్ముతాయి. నూకలు నేల మీద చల్లడం మానేసి తొట్టెలో పెట్టడం మొదలుపెట్టాను. డేగపిల్లను అత్తయ్యగారు దగ్గరుండి మోకాలి లోతు గోతిలో సున్నం వేయించి పూడ్పించారు.

మచ్చపిల్ల సోమవారం 109 గ్రాములకు దిగింది. మందు నీళ్ళు చుక్కలుగా పట్టడమే తప్ప అది తనంతట తాగలేదు. మంగళవారం కాగితం మీద ఎరుపు తగ్గింది. బుధవారం వినాయక చవితి. పెట్టెను అప్పటిదాకా వంటింటి పక్కన వెచ్చగా ఉందని పెట్టాను, అత్తయ్యగారు ఒప్పుకోలేదు. పండగనాడు మడి వంటకు పక్కన కోడిపిల్లేమిటని దాన్ని వసారాలోకి సాగనంపారు. పత్రి తెచ్చి, పూజ చేసి, కథ చదివి అక్షింతలు వేసుకునే మధ్యలో నేను రెండుసార్లు లేచి వసారాలోకి వెళ్ళి వచ్చాను. సాయంత్రం ఒక ఉండ్రాన్ని చిదిపి నాలుగు రవ్వ పలుకులు కాగితం మీద వేస్తే, తల పక్కకు వాల్చి ఒక కంటితో కాసేపు చూసి, టక్కున ఒకటి పొడిచింది. ఇంకోటి. మూడోది నా గోరు మీద ఉంటే గోరుతో సహా పొడిచింది. వేలు నొప్పి పుట్టేంత బలంగా పొడిచినందుకు నాకెంత సంతోషమైందో చెబితే ఇంట్లోవాళ్ళు నవ్వారు. గురువారం 112, తర్వాతి సోమవారానికి 131. గూట్లో మిగతా ఎనిమిదింటిలో ఇంకొకటి రెండు రోజులు మందకొడిగా ఉండి తేరుకుంది. మరేదీ పోలేదు.

అంతా అయిపోయిందనుకున్నాక అనుకోని చిక్కొకటి వచ్చింది. సెప్టెంబరు 2న, పదకొండో రోజున, మచ్చపిల్లను తీసుకెళ్ళి గూట్లో వదిలితే తల్లి దాన్ని తన పిల్లగా గుర్తించలేదు. ఈకలు ఉబ్బించి, పరుగున వచ్చి నడినెత్తిన పొడిచింది; నేను లాగేసేలోపు రెండో పోటుకు నెత్తురు వచ్చింది. నెత్తురు చూస్తే మిగతా పిల్లలు కూడా పొడవడం మొదలుపెడతాయి. పసుపు అద్ది మళ్ళీ పెట్టెలో పెట్టి, అన్ని రోజులు పెట్టెను తల్లికి కనబడేంత దూరంలో, పిల్ల అరుపు వినబడేంత దూరంలో ఎందుకు పెట్టుకోలేదా అని తిట్టుకున్నాను. అరుపు వినబడుతూ ఉంటే తల్లి మరవదని తర్వాత అత్తయ్యగారన్నారు. ముందే చెప్పవచ్చు కదా అంటే, "నువ్వు అడిగావా?" అన్నారు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక, దీపం వేయకుండా, మచ్చపిల్లను అరచేతిలో పట్టుకుని వెళ్ళి తల్లి రెక్క కింద వెనక వైపు నుంచి మెల్లగా దూర్చాను. కోడికి చీకట్లో కళ్ళు కనబడవు, రెక్క కింద ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోదు. తల్లి ఒకసారి గుర్రుమంది, రెక్క కొంచెం లేపి సర్దుకుంది. పొద్దున్నే అయిదింటికి వెళ్ళి కూర్చున్నాను. తెల్లవారి అన్నీ బయటికి వచ్చాక తల్లి మచ్చపిల్ల వైపు రెండుసార్లు అనుమానంగా చూసింది, తలెత్తి ఒక అడుగు వేసింది, ఈలోగా మరో పిల్లకు వానపాము దొరికి గోల మొదలవడంతో ఆ సంగతి మరచిపోయింది. మధ్యాహ్నానికి మచ్చపిల్ల తల్లి కాళ్ళ మధ్యనుంచి దూరుతూ తిరుగుతోంది.

అప్పటినుంచి పిల్లలు పగలు పెరట్లోనే తిరుగుతున్నాయి. గద్దకు మందుగా జామచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకు అడ్డదిడ్డంగా తాళ్ళు కట్టి పాత సీడీలు వేలాడదీశాను. అవి ఎంతవరకు పనిచేస్తాయో గాని, నెమలికంఠం రంగు పుంజు గద్ద నీడ పడగానే పెట్టే కేక మాత్రం బాగా పనిచేస్తోంది. జాలీ గూడు రాత్రిపూటకే. శని ఆదివారాల్లో ఊకలో చెయ్యి అడుగుదాకా జొనిపి పిడికెడు పిండి చూస్తాను. కుడిచేతి గోళ్ళ సందుల్లో ఊక వాసన పోవడం లేదని బడిలో సహోపాధ్యాయిని ఒకావిడ మర్యాదగా చెప్పింది.

మచ్చపిల్ల పెట్ట అయింది. అయిదో నెల నడుస్తోంది, ఇంకా గుడ్డుకు రాలేదు, దాని తోడువి కూడా రాలేదు కనుక తొందరేమీ లేదు. వాటికన్నా ఒక పిడికెడు చిన్నగా ఉంటుంది. మనుషుల చేతిలో అన్ని రోజులున్నందువల్ల కాబోలు నేను కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కడానికి చూస్తుంది, అత్తయ్యగారు కసురుతారు.

మొన్న ఎర్రపెట్ట మళ్ళీ పొదుగుకు కూర్చుంది. పన్నెండు గుడ్లు పెట్టాం. నిన్న సాయంత్రం అత్తయ్యగారు అటక మీది పాత వెదురు గంపను దింపించి, ఊడిన బద్దలు చూపించి, పిల్లలు దిగేలోపు దీన్ని బాగుచేయించుకు రమ్మన్నారు. సంచిలో పెట్టి సైకిలుకు తగిలించి ఉంచాను.